తడబడినవాడు, తప్పు చెప్పినవాడు

ఎన్నికలొస్తే మా సిక్కోలు జిల్లాలో ఒక వీడియో ఫోన్ నుంచి ఫోన్‌కి తిరుగుతుంది. పార్టీ ఏదైనా సంగతి ఒకటే. టీవీ చర్చలో కొత్త అభ్యర్థి కూర్చుంటాడు. వంశధార మీద నేరడి బ్యారేజీ ఎందుకు ఆగిందని అడిగితే నీళ్లు నములుతాడు. ఇరవై సెకన్ల ముక్క, కింద నవ్వు బొమ్మలు. పక్కన గడగడా మాట్లాడినాయన చెప్పింది నిజమో కాదో ఎవరూ చూడరు. నా బాధ అదే.

అభ్యర్థులను ఎదురెదురుగా కూర్చోబెట్టి అడగడం మనకు పాత అలవాటు కాదు. 1937లో మద్రాసు ప్రెసిడెన్సీ ప్రీమియర్ బొబ్బిలి రాజా వారిని సొంత గడ్డ మీదే ఓడించిన వి.వి. గిరి కాలం నుంచి, ఎన్టీఆర్ చైతన్య రథం దాకా మన ప్రచారమంటే సభ, ఉపన్యాసం. ఒకరు చెబుతారు, జనం వింటారు. ‘బహిరంగ చర్చకు రా’ అనే సవాళ్లకు లోటు లేదు, చర్చలే అరుదు. 2024 మేలో మాజీ న్యాయమూర్తులు మదన్ లోకూర్, ఎ.పి. షా, పాత్రికేయుడు ఎన్. రామ్ కలిసి నరేంద్ర మోదీని, రాహుల్ గాంధీని ఒకే వేదిక మీదికి పిలిచారు. రాహుల్ సరేనన్నారు. చర్చ మాత్రం జరగలేదు.

అందుకే చర్చలో ఎవరు నెగ్గారో తేల్చే కొలతను అమెరికా నుంచి తెచ్చుకున్నాం. 1960 సెప్టెంబర్ 26న అధ్యక్ష అభ్యర్థులు కెనడీ, నిక్సన్ తొలిసారి టీవీలో తలపడ్డారు. మోకాలి ఇన్‌ఫెక్షన్‌తో ఆస్పత్రిపాలై లేచిన నిక్సన్ తెర మీద నీరసంగా కనిపించారు. రేడియోలో విన్నవాళ్లు ఆయనే నెగ్గాడనుకున్నారని ఇప్పటికీ చెప్పుకుంటారు గానీ, దానికి ఆధారమైన సర్వే చాలా చిన్నది.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది 1992 అక్టోబర్ 13 నాటి ఉపాధ్యక్ష అభ్యర్థుల చర్చ. అధ్యక్ష పదవికి స్వతంత్రంగా పోటీ చేసిన రాస్ పెరో తరఫున నిలబడిన జేమ్స్ స్టాక్‌డేల్ నౌకాదళంలో పెద్ద అధికారిగా చేసినవాడు. వియత్నాంలో ఏడేళ్లకు పైగా యుద్ధఖైదీ. చర్చలో పాల్గొనాలని ఆయనకు తెలిసింది వారం ముందే. ‘నేనెవరిని? ఇక్కడెందుకున్నాను?’ అని తాత్వికంగా మొదలుపెట్టారు. తర్వాత తడుముకున్నారు, వినికిడి యంత్రం ఆన్‌లో లేక ఒక ప్రశ్నను మళ్లీ అడగమన్నారు. దేశమంతా నవ్వింది, ఆ రెండు వాక్యాలే ఆయన పేరుకు అతుక్కుపోయాయి.

1976 అక్టోబర్ 6 నాటి అధ్యక్ష అభ్యర్థుల చర్చ సంగతి దీనికి తలకిందులు. అధ్యక్షుడు ఫోర్డ్ ఏ తడబాటూ లేకుండా, తూర్పు యూరప్ మీద సోవియట్ ఆధిపత్యం లేదన్నారు. అది తప్పు. ఈ ఇద్దరిలో ఎవరికి మార్కులు ఎక్కువ తగ్గించాలి? నేనైతే ఫోర్డ్‌కే తగ్గిస్తాను. స్టాక్‌డేల్‌ను సిద్ధం చేయకుండా పంపినవాళ్లకూ కొన్ని తగ్గిస్తాను.

నిజానికి ఇంతకంటే మంచి కొలత మన దగ్గరే ఉంది. హరికథలతో పాటు అష్టావధానాలూ చేసిన ఆదిభట్ల నారాయణదాసు గారి ఊరు విజయనగరం. అవధానంలో అప్రస్తుత ప్రసంగి మధ్యలో అడ్డు తగులుతూనే ఉంటాడు. అవధాని కాసేపు ఆగితే ఎవరూ ఎగతాళి చేయరు. చివర ధారణలో పద్యాలన్నీ పొల్లుపోకుండా అప్పజెప్పాడా లేదా అన్నదే లెక్క. అడిగే పృచ్ఛకులకూ విషయం తెలిసుండాలి. మన టీవీ చర్చల్లో అప్రస్తుత ప్రసంగులు దండిగా ఉన్నారు, మిగతా పృచ్ఛకులే తక్కువ.

నేరడి ప్రశ్నకు ఏం చెప్పాలో చూడండి. వంశధార నీళ్ల గురించి ఒడిశాతో తగవు మీద 2010లో ట్రైబ్యునల్ వేశారు. 2017లో వచ్చిన తీర్పు బ్యారేజీకి అనుమతిచ్చింది, దానికోసం ఒడిశాలో 106 ఎకరాలు కావాలి. ఒడిశా సుప్రీంకోర్టుకు వెళ్లింది. నీళ్ల కోసం కాట్రగడ్డ దగ్గర సైడ్ వియర్, అంటే నది పక్కనుంచి నీళ్లు మళ్లించే కట్టడం, దారి ట్రైబ్యునల్‌కు ముందే పట్టారు. ఇక్కడ పోటీ చేసే మనిషికి ఇంతైనా తెలియకపోతే అది తప్పే, దాన్ని మన్నించలేం. టెన్షన్‌లో గొంతు వణికినా, ‘106’ అనే ముందు కాగితం చూసుకున్నా తప్పు కాదు. రిజర్వేషన్‌లో గెలిచి మొదటిసారి మైకు పట్టుకునే మహిళా సర్పంచులను చూసినప్పుడల్లా ఈ తేడా నాకు ఇంకా గట్టిగా కనిపిస్తుంది.

ఆ ఇరవై సెకన్ల ముక్క నా ఫోన్‌కి వస్తే పూర్తి చర్చ ఎక్కడుందో వెతుకుతాను. తడబడ్డాక ఆయన ఏం చెప్పాడో, పక్కనాయన ఆ 106 ఎకరాల మాట ఎత్తాడో లేదో చూస్తాను.