దిండ్లకు పాఠాలు

గుంటూరు,
శ్రావణ మాసం

చిన్నీ,

నీ ఉత్తరం చదివి నానమ్మా నేనూ చాలాసేపు నవ్వుకున్నాం. తమ్ముడు దిండ్లన్నిటినీ గోడకు వరసగా కూర్చోబెట్టి, "చేతులు కట్టుకోండి! నోటి మీద వేలు!" అని గదమాయిస్తున్నాడా? "మన ఇంట్లో ఎవరూ అలా మాట్లాడరు కదా తాతయ్యా, వాడు మనవాడేనా, బడివాళ్ల వాడా?" అన్నావు.

నాకు తెలిసింది మిరప నారు. దానితోనే చెబుతాను.

ఇప్పుడు ఇక్కడ నారుమళ్లు పచ్చగా ఉన్నాయి. చిన్న మడి, మెత్తటి మన్ను, వేళకు నీళ్లు, ఎండ ముదిరితే కాస్త నీడ. మీ ఇల్లు అలాంటిదే. అమ్మ గొంతు తమ్ముడికి పుట్టకముందే తెలుసు, కడుపులో ఉండగానే విన్నాడు. ఆరేళ్లు నిండేసరికి పిల్లల మెదడు పెద్దవాళ్ల మెదడు పరిమాణంలో ఇంచుమించు 90 శాతానికి పెరుగుతుంది. మడి దగ్గర అంత కాపలా అందుకే.

దాదాపు 40 రోజులకు నారు పీకి చేలో నాటుతారు. అంతకు కొద్దిరోజుల ముందు రైతు నీళ్లు తగ్గిస్తాడు. చూస్తే జాలేస్తుంది కానీ, కాండం గట్టిపడేది అప్పుడే. వేసవిలో మీ అమ్మ తమ్ముడికి కలిపి పెట్టడం మానేసి, వాడినే కలుపుకొని తినమంది, గుర్తుందా? నేలంతా మెతుకులు! నాటిన మొక్క కొన్నాళ్లు తల వేలాడేస్తుంది. జూన్‌లో బడి గేటు పట్టుకొని వాడు ఏడ్చాడే, అదన్నమాట. తరవాత కొత్త మట్టిలో వేరు దిగుతుంది. మీ దిండ్ల మీద అరుస్తున్నది ఆ కొత్త మట్టే.

ఇక కాలువ నీళ్లున్నాయి. అవి ఏ ఒక్కరి చేనివీ కావు. నా చిన్నప్పుడు మా బ్రాడీపేట వీధి అలా ఉండేది. మూడో తరగతిలో ఒకరోజు బడి ఎగ్గొట్టి రైళ్లు చూడడానికి స్టేషన్‌కు బయలుదేరాను. మలుపులో సైకిళ్లు బాగుచేసే ఆయన చూశాడు. తిట్టలేదు. నూనె చేతులు గుడ్డకు తుడుచుకొని, నన్ను సైకిల్ ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకొని తిన్నగా బడి దగ్గర దించాడు. మా నాన్నకు చెప్పలేదు. కానీ ఆ ఏడాదంతా నేను కనిపించినప్పుడల్లా, "బాబూ, ఇవాళ రైళ్లున్నాయా?" అనేవాడు. మళ్లీ బడి ఎగ్గొడితే ఒట్టు! మీ అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ పేరు నీకు తెలుసా? తెలియకపోతే రేపే అడుగు. మర్యాదగా, "గారు" చేర్చి పిలువు.

ఇంతవరకు రాసి చదివి వినిపిస్తే నానమ్మ, "బంగారంలాంటి మనవణ్ణి మిరప మొక్కను చేశారా? మొక్క ఎక్కడైనా దిండ్లకు పాఠాలు చెబుతుందా?" అంది. నిజమే. మొక్క నాటిన చోటే ఉంటుంది. వీడు బడిని ఇంటికి మోసుకొచ్చి, తాను టీచరై, ఆడుకుంటున్నాడు. ఎవరు నేర్పారిది? అమ్మా కాదు, టీచరూ కాదు. ఇక్కడ నా మిరప నారు చేతులెత్తేసింది.

నువ్వే ఒక పని చెయ్యి. ఈ రాత్రి వాడి బడిలో, చివరి దిండు అమ్మ కావాలని ఏడుస్తోందని చెప్పు. వాడు ఏం చేస్తాడో, అప్పుడు ఎవరి గొంతుతో మాట్లాడతాడో చూసి నాకు రాయి.

ఆశీస్సులతో,
తాతయ్య