టేమ్ ఇంపాలా రికార్డింగులు: అపోహలు – వాస్తవాలు

మిక్సింగ్ కోసం, అంటే విడివిడిగా రికార్డు చేసిన గొంతు, వాద్యాలు కలిపి పాటగా తీర్చడానికి, నా దగ్గరికి వచ్చే ఇండీ కుర్రాళ్లు (సొంతంగా పాటలు చేసుకునేవాళ్లు) రిఫరెన్స్ అంటూ ఫోన్‌లో వినిపించే పాటల్లో టేమ్ ఇంపాలాది ఒక్కటైనా ఉంటుంది. "అన్నా, డ్రమ్స్ ఇలా రావాలి" అంటారు. అలా అడగడంలో తప్పేం లేదు, వాళ్ల చెవి మంచిదే. కానీ ఆ సౌండ్ ఎలా వచ్చిందనుకుంటున్నావు అని అడిగితే మాత్రం ఎక్కడెక్కడో విన్న కథలు మొదలవుతాయి. ఫలానా మైకు, ఫలానా ప్లగిన్, పాతకాలం టేప్ మెషీన్. అవి నమ్మి అప్పు చేసి మరీ సామాను కొన్నవాళ్లున్నారు. నాకు ఈ రికార్డులంటే ప్రాణం. అందుకే వీటి గురించి చెప్పుకునే మాటల్లో ఏది నిజమో, ఏది కాదో మిక్సింగ్ చేసేవాడిగా రాస్తున్నాను.

తెలియనివాళ్ల కోసం ముందు ఆల్బమ్‌ల సంగతి. టేమ్ ఇంపాలా కెవిన్ పార్కర్ నడిపే రాక్ బ్యాండ్, ఆస్ట్రేలియా పడమటి తీరంలోని పెర్త్ నుంచి వచ్చింది. 2008లో ఒక ఈపీ (కొద్ది పాటల చిన్న రికార్డు), ఆ తర్వాత ఐదు స్టూడియో ఆల్బమ్‌లు: ఇన్నర్‌స్పీకర్ (2010), లోనరిజం (2012), కరెంట్స్ (2015), ద స్లో రష్ (2020), డెడ్‌బీట్ (2025). లోనరిజం, కరెంట్స్, ద స్లో రష్ మూడింటికీ ఆస్ట్రేలియా సంగీత పరిశ్రమ ఇచ్చే ఏరియా (ARIA) 'ఆల్బమ్ ఆఫ్ ద ఇయర్' అవార్డు వచ్చింది.

అపోహ: ఐదుగురు కుర్రాళ్లు ఒక గదిలో కూర్చుని వాయిస్తే రికార్డు చేసిన పాటలివి.

వాస్తవం: స్టేజీ మీద కనిపించే బ్యాండ్ వేరు, రికార్డు మీద వినిపించే బ్యాండ్ వేరు. రికార్డులో డ్రమ్స్, బేస్, గిటార్, కీబోర్డు, గొంతు దాదాపు అన్నీ కెవిన్ పార్కర్ ఒక్కడివే. చిన్నప్పుడే రెండు టేప్ రికార్డర్లు పెట్టుకుని, ఒకదాంట్లో వాయించింది ప్లే చేస్తూ, దాని మీద ఇంకో వాద్యం వాయిస్తూ రెండోదాంట్లోకి ఎక్కించేవాడు. అదే అలవాటు పెద్దయ్యాక ఆల్బమ్ అయింది. జే వాట్సన్, డొమినిక్ సింపర్, జూలియన్ బార్బగాలో లాంటి వాళ్లు ఆ పాటల్ని స్టేజీ మీద వాయిస్తారు. లోనరిజంలో 'ఎలిఫెంట్', 'అపోకలిప్స్ డ్రీమ్స్' పాటల రచనలో జే వాట్సన్‌కు వాటా ఉంది. ఇన్నర్‌స్పీకర్‌లోనూ అక్కడక్కడా స్నేహితుల చేతులు పడ్డాయి.

మా పనిలో ఇది చిన్న విషయం కాదు. ఒకే మనిషి డ్రమ్స్ మీద బేస్ వాయిస్తే, కిక్ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్) ఎక్కడ కాస్త ఆలస్యంగా పడుతుందో ఆ బేస్ వేళ్లకు ముందే తెలుసు. ఈ రికార్డుల్లో రిథమ్ సెక్షన్ అంత అతుక్కుపోయినట్టు ఉండటానికి సగం కారణం అదే. నలుగురు విడివిడిగా తమ ఇంట్లో వాయించి పంపిన ట్రాకులు తెచ్చి "ఇలా గ్లూ కావాలి", అంటే ఇలా అతుక్కోవాలి అని అడిగితే, ట్రాకులన్నీ కలిసే దారి (బస్) మీద పెట్టే ఏ కంప్రెసరూ అది ఇవ్వలేదు.

అపోహ: అయితే మొత్తం ఒక్కడే చేశాడు, బయటివాళ్ల సాయమే లేదు.

వాస్తవం: ఇది పైదానికి పూర్తిగా అటువైపు తప్పు, ఈ మధ్య ఇదే ఎక్కువ వినిపిస్తోంది. ఇన్నర్‌స్పీకర్‌ను పెర్త్‌కు దక్షిణాన, యాలింగప్ దగ్గర సముద్రానికి ఎదురుగా ఉన్న వేవ్ హౌస్ అనే ఇంట్లో రికార్డు చేశారు. అక్కడ ఇంజనీరింగ్‌లో డెత్ ఇన్ వేగస్ బ్యాండ్‌కు చెందిన టిమ్ హోమ్స్ పక్కనున్నాడు. తర్వాత మిక్సింగ్ అమెరికాలో, న్యూయార్క్ రాష్ట్రంలోని టార్‌బాక్స్ రోడ్ స్టూడియోలో డేవ్ ఫ్రిడ్‌మన్ చేశాడు. లోనరిజం మిక్సింగూ ఆయనదే. ఆయన పని చేసిన ఫ్లేమింగ్ లిప్స్ బ్యాండ్ రికార్డులు విన్నవాళ్లకు ఫ్రిడ్‌మన్ చెయ్యి వెంటనే తెలుస్తుంది: మీటరు ఎరుపు దాటినా భయపడడు, డ్రమ్స్ చిట్లినా ఆ చిట్లడాన్నే అందంగా వాడుకుంటాడు. మొదటి రెండు ఆల్బమ్‌ల బరువులో ఆయన పాలు చాలా ఉంది. మిక్సింగ్ కూడా పార్కరే చేసుకోవడం కరెంట్స్‌తో మొదలైంది. అప్పుడు కూడా మాస్టరింగ్‌కు (విడుదలకు ముందు చేసే చివరి మెరుగు) గ్రెగ్ కాల్బి ఉన్నాడు.

ఇంట్లో అన్నీ ఒక్కరే చేసుకునే పిల్లలకు నేను చెప్పేది ఇదే. పార్కర్ మిక్సింగ్ తన చేతిలోకి తీసుకున్నది మూడో ఆల్బమ్‌కు. అంతకుముందు రెండు ఆల్బమ్‌ల పాటు ఒక పెద్ద మిక్సర్ తన ట్రాకుల్ని ఏం చేస్తాడో విన్నాడు.

అపోహ: ఆ డ్రమ్ సౌండ్ రావాలంటే పెద్ద స్టూడియో, డజను మైకులు, ఖరీదైన కన్సోల్ కావాలి.

వాస్తవం: ఎక్కువమంది డబ్బులు పోగొట్టుకునేది ఇక్కడే కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

మామూలు సెషన్లో డ్రమ్ కిట్‌కు పది దాకా మైకులు పెడతాం. కిక్‌కు ఒకటో రెండో, స్నేర్‌కు పైనా కిందా, ప్రతి టామ్‌కూ ఒకటి, హై-హ్యాట్‌కు ఒకటి, కిట్ పైన ఓవర్‌హెడ్లు రెండు, ఆపైన గది మోత పట్టే రూమ్ మైకులు. దేనికదే విడిగా ఉంటే తర్వాత మార్చుకోవచ్చని ధీమా. పార్కర్ దారి దీనికి పూర్తిగా భిన్నం. మూడు నాలుగు మైకులతో కిట్ మొత్తాన్ని పట్టి, అన్నిటినీ కలిపి గట్టిగా కంప్రెస్ చేస్తాడు, అంటే పెద్ద చప్పుళ్లను నొక్కి చిన్నవాటిని పైకి తెస్తాడు.

అప్పుడు ఏమవుతుంది? హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఇన్నర్‌స్పీకర్‌లోని ఏ పాటైనా వినండి, సింబల్స్ (కిట్‌లోని ఇత్తడి పళ్లాలు) మీదే చెవి పెట్టండి. కిక్ పడ్డ ప్రతిసారీ సింబల్స్ మోత లోపలికి ముణిగి, మళ్లీ ఉబికి పైకొస్తుంది. కిక్ గట్టిగా తగలగానే కంప్రెసర్ కిట్ మొత్తాన్ని కిందికి నొక్కేసి, తర్వాత వదులుతుంది. వదిలేటప్పుడు సింబల్ తోక, గదిలో తిరిగే చప్పుడు, మామూలుగా వినపడని చిన్న చిన్న స్నేర్ దెబ్బలు అన్నీ పైకి తేలతాయి. అందుకే డ్రమ్స్ ఊపిరి పీలుస్తున్నట్టు ఉంటాయి. పది మైకులకు పది కంప్రెసర్లు పెడితే ఇది రాదు. ఎందుకంటే కిక్ మైకు మీదున్న కంప్రెసర్‌కు సింబల్‌తో సంబంధమే లేదు.

దీనికి చెల్లించే మూల్యం కూడా ఉంది. మైకులు తక్కువైతే బ్యాలెన్స్ అంతా వాయించేవాడి చేతిలోనే ఉంటుంది. హై-హ్యాట్ గట్టిగా కొడితే అది అన్ని మైకుల్లోకీ ఎక్కుతుంది, తర్వాత తగ్గించడానికి ఫేడరే ఉండదు. కంప్రెసర్ దాన్ని ఇంకా పైకి లేపుతుంది కూడా. కాబట్టి సింబల్స్ మీద చెయ్యి తేలిగ్గా, కిక్, స్నేర్ మీద బరువుగా ఉండాలి. పార్కర్ చిన్నప్పుడే డ్రమ్స్ పట్టినవాడు. ఈ సౌండ్ అతని మణికట్టులోంచి మొదలవుతుంది. మీరు ప్రయత్నించాలంటే ఉన్న మైకుల్లో మూడే తీసుకోండి. కిక్ దగ్గర ఒకటి, స్నేర్ దగ్గర ఒకటి, కిట్ పైన ఒకటి. స్నేర్ మీద చిన్న గుడ్డముక్క వేసి మోత తగ్గించండి. మూడింటినీ ఒకే బస్‌లోకి పంపి, కంప్రెసర్ రిలీజ్‌ను (నొక్కి వదిలే వేగాన్ని) పాట టెంపోకు కుదిరేదాకా తిప్పండి. రిలీజ్ మరీ తొందరగా ఉంటే శబ్దం గరగరలాడుతుంది. మరీ నెమ్మదిగా ఉంటే డ్రమ్స్ లేవనే లేవవు.

అపోహ: ఆ సుడులు తిరిగే శబ్దాలన్నీ సింథసైజర్లు.

వాస్తవం: మొదటి ఆల్బమ్‌లో మీరు సింథ్ అనుకునేవి చాలావరకు గిటార్లే. ఫేజర్ (శబ్దాన్ని సుడి తిప్పేది), డిలే (ప్రతిధ్వని), రివర్బ్ (గది మోత), ఫజ్ (శబ్దాన్ని చిట్లించేది) అన్నీ కాలితో నొక్కే పెడళ్లతోనే. రహస్యం పెడళ్ల వరసలో ఉంది. అందరూ ఫజ్ ముందు పెట్టి, రివర్బ్ చివర పెడతారు. పార్కర్ డిలే, రివర్బ్ ముందు పెట్టి, ఆ తడిసిన శబ్దం మొత్తాన్ని ఫజ్‌లోకి తోస్తాడు. అప్పుడు రివర్బ్ తోక కూడా అసలు నోటుతో సమానంగా చిట్లుతుంది. నోటు ఎక్కడ ఆగిందో, ప్రతిధ్వని ఎక్కడ మొదలైందో చెవికి దొరకదు. అందుకే అది గిటార్ అని పోల్చుకోలేం. దీనికి కొత్త పెడల్ కొనక్కర్లేదు, ఉన్నవాటి కేబుళ్లు అటూ ఇటూ మార్చితే చాలు. సింథ్‌లు నిజంగా ముందుకొచ్చింది లోనరిజం నుంచి. కరెంట్స్‌కు వచ్చేసరికి పాటల వెన్నెముకే సింథ్ అయింది.

అపోహ: అంతా అనలాగ్ టేప్ మీద చేశారు, ఆ వెచ్చదనం అందుకే.

వాస్తవం: కాదు. తొలి ఈపీ నాటి రికార్డింగులు బాస్ కంపెనీ డిజిటల్ ఎయిట్-ట్రాక్ రికార్డర్ మీద చేసినవి. తర్వాత అందరిలాగే కంప్యూటర్. లోనరిజం పెర్త్‌లో కొంత, పారిస్‌లో కొంత రికార్డయింది. వీధి చప్పుళ్లు, మనుషుల మాటలు డిక్టాఫోన్ అనే చిన్న రికార్డర్‌లో పట్టి పాటల మధ్య కలిపాడు. ఆ వెచ్చదనం ఎక్కడిదంటే హైస్ (సన్నటి పై శబ్దాలు) తగ్గించడం, గెయిన్ స్టేజీల్లో (శబ్దాన్ని పెంచే చోట్ల) కావాలని చిట్లనివ్వడం, పైన చెప్పిన కంప్రెషన్.

సామాను సంగతి ఎలాగూ వచ్చింది కాబట్టి ఇంకొకటి చెప్పాలి. 2018 నవంబరులో కాలిఫోర్నియాలో వూల్సీ కార్చిచ్చు వచ్చినప్పుడు పార్కర్ మాలిబూలో అద్దె ఇంట్లో ఉండి పని చేసుకుంటున్నాడు. ల్యాప్‌టాప్, ఒక హాఫ్నర్ బేస్ గిటార్ పట్టుకుని బయటపడ్డాడు. అక్కడున్న మిగతా పరికరాలన్నీ కాలిపోయాయి. 2020 ఫిబ్రవరిలో ద స్లో రష్ వచ్చింది. అది విని ఇందులో ఫలానా మెషీన్ లేదే అన్నవాణ్ని నేను ఇంతవరకు చూడలేదు.

అపోహ: గొంతు వినపడటం లేదంటే మిక్స్ బాగాలేదన్నట్టే.

వాస్తవం: మన సినిమా పాటల మీద పెరిగిన చెవికి ఇలా అనిపించడం సహజం. మన దగ్గర మిక్స్ అంటే ముందు గొంతు, సాహిత్యం ప్రతి అక్షరం తెలియాలి, తర్వాతే మిగతావి. అది మన సంప్రదాయం, అందులో లోపం లేదు. ఇక్కడ లెక్క వేరు. ఒకే వరస రెండుసార్లు పాడి గొంతు డబుల్ ట్రాక్ చేసి, డిలే, రివర్బ్‌లో నానబెట్టి, గిటార్ల మధ్యలోకి నెట్టారు. ఒంటరితనం గురించిన పాటల్లో ఆ దూరం కావాలనే పెట్టుకున్నది. కరెంట్స్‌లో గొంతు ముందుకొచ్చింది, మాటలు స్పష్టంగా తెలుస్తాయి. పాటల తీరు మారింది కాబట్టి మిక్సూ మారింది. ఎవరైనా మొదటి రెండు ఆల్బమ్‌ల స్టైల్లో గొంతు వెనక్కి పెట్టమంటే నేను అడిగేది ఒక్కటే: ఈ పాటలో మాటలు అందకపోతే పాటకు నష్టమా, లాభమా?

అపోహ: 'లెట్ ఇట్ హ్యాపెన్' మధ్యలో ఫైలు పాడైంది.

వాస్తవం: పాడవలేదు! కరెంట్స్‌లోని ఈ మొదటి పాట దాదాపు ఎనిమిది నిమిషాలు. మధ్యలో ఒక చిన్న ముక్క సీడీ గీసుకుపోయి ఇరుక్కున్నట్టు మళ్లీ మళ్లీ వస్తుంది. ఆ లూప్ మీదకి నెమ్మదిగా తీగవాద్యాల శబ్దం లేచి, పాట ఇంకో దారి పడుతుంది. ఇరుక్కున్నంతసేపూ మనం టెన్షన్ పడటమే దాని పని. ఫోన్ తీసి చూసుకున్నారంటే ఆ ఎడిట్ ఫలించినట్టే.

అపోహ: కరెంట్స్‌తో రాక్ వదిలేసి కంప్యూటర్ సంగీతంలోకి దిగిపోయాడు.

వాస్తవం: గిటార్లు తగ్గిన మాట నిజమే. కానీ పని పద్ధతి పాతదే. ఒక్కడే వాయించడం, వాయించిన డ్రమ్స్‌ను నలిపి, కోసి, లూప్ చేయడం. డెడ్‌బీట్ డ్యాన్స్ సంగీతం వైపు ఇంకా జరిగింది. పడమటి ఆస్ట్రేలియాలో ఊళ్లకు దూరంగా అడవుల్లో రాత్రంతా జరిగే రేవ్‌ల (డ్యాన్స్ పార్టీల) ప్రభావం దాని మీద ఉంది. నాకు వ్యక్తిగతంగా మొదటి రెండే ఎక్కువ ఇష్టం. అది నా రుచి, మిక్సింగ్ పరంగా కరెంట్స్ బేస్ పని వాటికంటే పై మెట్టు.

రిహానా 2016లో తన యాంటీ ఆల్బమ్‌లో కరెంట్స్ చివరి పాటను పాడింది. దాన్ని కొత్తగా రీ-రికార్డు చేశారనుకుంటారు చాలామంది. కింద నడిచే సంగీతం పార్కర్ చేసినదే, గొంతు మారింది. రెండూ ఒకదాని తర్వాత ఒకటి వింటే తెలిసిపోతుంది.

అపోహ: పెర్త్ లోకానికి దూరంగా ఉంది కాబట్టే ఇలాంటి సంగీతం పుట్టింది.

వాస్తవం: దూరం నిజమే, పక్కనున్న పెద్ద నగరం అడిలైడ్‌కే రెండు వేల కిలోమీటర్లకు పైగా. కానీ ఒంటరిగా అడవిలో కూర్చుని చేసిన సంగీతం కాదిది. నిక్ ఆల్‌బ్రూక్, జే వాట్సన్, పార్కర్ ఒకే స్నేహబృందం. పాండ్ అనే ఇంకో బ్యాండ్‌లో వాళ్లే అటూ ఇటూ వాయించేవాళ్లు. పాండ్ ఆల్బమ్‌లకు పార్కర్ ప్రొడ్యూసర్‌గానూ పని చేశాడు. టేమ్ ఇంపాలా విని పాండ్ వినకుండా ఉంటే సగమే విన్నట్టు.

అపోహ: ఒకసారి విడుదలైతే అదే ఫైనల్ మిక్స్.

వాస్తవం: 'బార్డర్‌లైన్' 2019 ఏప్రిల్‌లో సింగిల్‌గా వచ్చింది. 2020లో ద స్లో రష్ ఆల్బమ్‌లోకి వచ్చేసరికి బేస్, డ్రమ్స్ ముందుకొచ్చాయి, పాట కాస్త చిన్నదైంది. లోకమంతా విన్న పాటను మళ్లీ తెరిచి, లో-ఎండ్ (కిక్, బేస్ ఉండే అడుగు శబ్దం) సరిచేసుకున్నాడన్నమాట. రిఫరెన్స్‌గా తెచ్చేవాళ్లు ఆల్బమ్ వెర్షనే తెచ్చుకోండి. సింగిల్ వెర్షన్‌ను పక్కనే పెట్టుకుని, రెండింటి లౌడ్‌నెస్ సమానం చేసి, కిక్, బేస్ ఎలా కదిలాయో మార్చి మార్చి వినండి.