మురుగు పక్కన మెరిసే తూనీగ

తూనీగలు తిరుగుతున్నాయంటే అక్కడ నీళ్లు బాగున్నట్టే అంటారు. ఆ మాట నమ్మి మా వీధి చివర నాలా దగ్గరికి వెళ్తే ముక్కు మూసుకోవాలి. నల్లటి నీళ్లు, గుర్రపుడెక్క, తేలుతున్న ప్లాస్టిక్ కవర్లు. వాటి మధ్య ఎండుపుల్ల కొసన నిప్పురవ్వలా ఒక నారింజ రంగు తూనీగ! ఇంగ్లీషులో దీని పేరు డిచ్ జ్యువెల్. అంటే మురికి కాలువ మణి.

శాస్త్రీయ నామం బ్రాకీథెమిస్ కంటామినేటా. డెన్మార్క్ శాస్త్రవేత్త ఫాబ్రీసియస్ 1793లో పెట్టాడు. లాటిన్‌లో ఆ రెండో మాటకు మరకపడినది, మలినమైనది అని అర్థం. పాపం, ఇంత అందగాడికి ఆ పేరా!

అందగాడు అన్నది మగదాన్నే. పొట్ట పొడవు సుమారు రెండు సెంటీమీటర్లు. రెక్కల మొదలు నుంచి దాదాపు కొసదాకా నారింజ రంగు పులిమినట్టుంటుంది, చివర కొంచెం మాత్రం గాజులా వదిలేసినట్టు. ఈనెలు కూడా ఎర్రనివే. ప్రతి రెక్క కొస దగ్గరా తుప్పు రంగులో చిన్న మచ్చ ఉంటుంది. అది అలంకారం కాదు. ఆ కాస్త బరువే గాల్లో రెక్క అదరకుండా ఆపుతుంది. ఆడదాని ఒళ్లు మాసిన పసుపు, రెక్కలకు ఆ నారింజ రంగు ఉండదు. లేత మగవి కూడా అలాగే ఉంటాయి. చాలాకాలం నేను వాటిని వేరే జాతి అనుకున్నాను.

భారత్ నుంచి చైనా, ఫిలిప్పీన్స్, ఇండోనేషియా దాకా చెరువుల్లో, కుంటల్లో, మెల్లగా పారే కాలువల్లో ఇది కనిపిస్తుంది. నీటి అంచు వదిలి పెద్దగా దూరం పోదు. తూనీగలు కిందికి ఎగిరితే వాన వస్తుందంటారు కదా, దీన్ని చూసి లెక్కేస్తే రోజూ గొడుగు పట్టుకెళ్లాల్సిందే. ఎప్పుడూ నీటికి జానెడు ఎత్తులోనే ఎగురుతుంది మరి.

మురుగులో ఎలా బతుకుతుంది? దీని పిల్లపురుగులు ఆక్సిజన్ తక్కువున్న నీటినీ తట్టుకుంటాయి. ఇలాంటి తూనీగల పిల్లలకు మొప్పలు పొట్ట చివర, లోపల ఉంటాయి. వెనకనుంచి నీళ్లు పీల్చి, వదులుతూ ఊపిరి తీసుకుంటాయి. తరుముకొస్తే అదే నీటిని గట్టిగా చిమ్మి ముందుకు దూసుకుపోతాయి. దోమ పిల్లల్నీ తింటాయి. శుభ్రమైన నీరు కావలసిన జాతులు తప్పుకున్న చోట కూడా ఇది గుంపులుగా మిగిలిపోతుంది. అందుకే తూనీగ కనిపించగానే సంబరపడకుండా, ఏ తూనీగో చూడాలి.

మొన్న నాలా గోడ పక్కన గడ్డిపోచకు పిల్లపురుగు ఖాళీ పొట్టు ఒకటి అంటుకుని కనిపించింది. వీపు దగ్గర చీలిక, అందులోంచి సన్నటి తెల్లదారాలు వేలాడుతున్నాయి. పిల్లపురుగు ఒంట్లోని పాత గాలిగొట్టాల లోపలి పొర అది. తూనీగ ఆ పొట్టును అక్కడే విడిచి ఎగిరిపోయింది.