డప్పు కొట్టబోమన్న పల్లెలు: దళిత క్రైస్తవుల హోదా తగువు వెనక ఒంగోలు చరిత్ర

క్రైస్తవంలోకి మారిన దళితులను షెడ్యూల్డ్ కులాల జాబితాలో చేర్చమని 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ కేంద్రాన్ని కోరుతూ తీర్మానం చేసింది. అంతకు కొన్ని నెలల ముందే, 2022 అక్టోబరులో, మతం మారిన దళితుల సంగతి పరిశీలించమని కేంద్రం మాజీ ప్రధాన న్యాయమూర్తి కె.జి. బాలకృష్ణన్ అధ్యక్షతన కమిషన్ వేసింది. ఈ విషయం చర్చకు వచ్చినప్పుడల్లా రెండు మాటలు వినపడతాయి. మతం మారాక ఇంకా కులమేంటి అన్నది ఒకటి. గింజల కోసం మారినవాళ్ళేగా అన్నది రెండోది. రెండింటికీ జవాబు కావాలంటే నూట యాభై ఏళ్ళ కిందటి ఒంగోలు పల్లెలకు వెళ్ళాలి.

అమెరికన్ బాప్టిస్టు మిషన్ 1840లో నెల్లూరు చేరింది. పాతికేళ్ళు గడిచినా చెప్పుకోదగ్గ సంఘం ఏర్పడలేదు. ఇక మూసేద్దామా అని అమెరికాలో ఒకటికి రెండుసార్లు చర్చ జరిగింది. 1866లో ఆ మిషన్ తరఫున జాన్ క్లౌ ఒంగోలు వచ్చాక పరిస్థితి మారింది. దీన్ని అందరూ క్లౌ దొర కథగానే చెబుతారు. నా లెక్కలో ఇది యర్రగుంట్ల పేరయ్య కథ కూడా. ఆయన తాళ్ళకొండపాడు మాదిగ, తోళ్ళ వ్యాపారి. క్రైస్తవంలోకి రాకముందే రాజయోగ బోధ తీసుకుని, నలుగురికీ బోధించే స్థాయికి వెళ్ళినవాడు. బాప్తిస్మం తీసుకున్నాక తన చుట్టాలున్న ఊళ్ళన్నీ తిరిగాడు. సువార్త ఆ బంధుత్వాల దారినే పల్లె నుంచి పల్లెకు పాకింది.

ఒంగోలులోని పై కులాలవాళ్ళకు ఇది నచ్చలేదు. వీళ్ళను చేర్చుకుంటే మేము రామన్నారు. ఏం చేయాలో తోచక క్లౌ, ఆయన భార్య హారియెట్ ఎవరికి వారు విడిగా బైబిలు తెరిచారట. ఇద్దరికీ కొరింథీయుల మొదటి పత్రికలోని ఒకే భాగం వచ్చిందని, లోకం తక్కువగా చూసేవాళ్ళనే దేవుడు ఎన్నుకున్నాడని అందులో ఉందని ఆయన రాసుకున్నాడు. ఆ యాదృచ్ఛికాన్ని నమ్మడం, నమ్మకపోవడం మన ఇష్టం. ఆ నిర్ణయంతో పై కులాలవాళ్ళు తప్పుకున్నారు, మాదిగలు మిగిలారు.

కొత్తగా చేరినవాళ్ళకు పెద్ద సిద్ధాంతాలేమీ నూరిపోయలేదు. మూడు నియమాలు పెట్టారు: ఆదివారం పని చేయకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. ఇప్పుడు చదివితే ఇవి మామూలు మతాచారాల్లాగే కనిపిస్తాయి. కానీ అప్పటి ఊరి కట్టుబాటులో మాదిగ పనులేమిటో చూడండి. చచ్చిన గొడ్డును ఈడ్చుకెళ్ళాలి, చెప్పులు, మోట తోలు సంచులు కుట్టాలి, జాతరలో డప్పు కొట్టాలి, పిలిస్తే వెట్టికి పోవాలి. ఆదివారం రానన్న కూలివాడు వారంలో ఒకరోజు తన సమయం తనదే అంటున్నట్టు లెక్క. విగ్రహానికి మొక్కనన్నవాడు అమ్మవారి ముందు డప్పు కూడా కొట్టడు. మూడు నియమాలూ ఊరి కట్టుబాటు మీదే దెబ్బ కొట్టాయి. ఊరు ఊరుకుంటుందా? పని ఇవ్వడం మానేశారు, నీళ్ళు కట్టేశారు, దొంగ కేసులు పెట్టించారు. కులం పోవడం అలా ఉంచండి, క్రైస్తవులైనందుకే కులం మరింత గట్టిగా మీద పడింది.

అంతలో 1876లో ధాత కరువు వచ్చింది. జనం పిట్టల్లా రాలిపోతుంటే రిచర్డ్ టెంపుల్ అనే అధికారి సహాయ పనుల్లో కూలి తగ్గించి, రోజుకు ఒక పౌను గింజలు, ఒక అణా చాలన్నాడు. కరువు పని కింద ప్రభుత్వం బకింగ్‌హాం కాలువ తవ్విస్తోంది. కుర్రతనంలో అమెరికాలో సర్వే పని చేసిన క్లౌ, అందులో మూడున్నర మైళ్ళు తానే కాంట్రాక్టుకు తీసుకున్నాడు. మిగతా చోట్ల మేస్త్రీలు కూలీలను కొట్టి, కూలి నొక్కేస్తున్నారు. ఇక్కడ సంఘ బోధకులే మేస్త్రీలు. కూలి సరిగా చేతికందింది. గడ్డపార దింపి కాసేపు కూర్చున్న కూలీలకు వాళ్ళు మళ్ళీ మళ్ళీ చెప్పిన వాక్యం, “ప్రయాసపడి భారము మోసికొనుచున్న సమస్త జనులారా, నా యొద్దకు రండి” అన్నది. మట్టి తట్టలు మోసేవాళ్ళకు దానికి వ్యాఖ్యానం అక్కర్లేదు.

కరువు రోజుల్లో వేలమంది బాప్తిస్మం ఇమ్మని వచ్చారు. క్లౌ ఇవ్వలేదు. తిండి కోసం వచ్చారన్న మాట పడకూడదని ఏడాదికి పైగా ఆపాడు. కాలువ పని అయిపోయి, సహాయం పంచడం ఆగాకే 1878 జూన్‌లో మొదలుపెట్టాడు. జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. ఏడాది తిరిగేసరికి ఆ సంఖ్య తొమ్మిదిన్నర వేలు దాటింది. కరువులో ఆదుకున్న చేతిని జనం మరిచిపోలేదు, అది నిజం. అన్నం పెట్టినవాడి మీద నమ్మకం కుదరడం తప్పేమీ కాదు. కానీ గింజలకు బదులుగా మతం మార్చారనే మాటకు మాత్రం ఇక్కడ తేదీలే అడ్డం వస్తాయి.

ఈ కథలో పెద్దగా ఎవరూ చెప్పని కొస ఒకటుంది. క్లౌ రెండో భార్య ఎమ్మా. 1880లలో మిషనరీగా మన దేశానికి వచ్చి, తర్వాత స్విట్జర్లాండ్‌లో డాక్టరేట్ చేసి, మాదిగల జీవితం మీద పుస్తకం రాసిన మనిషి. ఆమె తమ్ముడు వాల్టర్ రౌషెన్‌బుష్. న్యూయార్క్ మురికివాడలో పాస్టర్‌గా పనిచేసి, పాపం మనిషిలోనే కాదు, వ్యవస్థలోనూ ఉందంటూ అమెరికాలో ‘సామాజిక సువార్త’ ఉద్యమానికి ముఖ్య గొంతు అయినవాడు. ఎవరు ఎవరి నుంచి ఎంత నేర్చుకున్నారన్న లెక్క పక్కన పెడితే, ఆ ఉద్యమం అమెరికాలో పుస్తకాలకెక్కే సరికే ఒంగోలు మాదిగపల్లెల్లో జనం దాన్ని బతికి చూపించారు.

స్వతంత్రం వచ్చాక లెక్క తిరగబడింది. 1950 ఆగస్టు 10 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డ్ కులాల హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులు, 1990లో బౌద్ధులు చేరారు. క్రైస్తవులు, ముస్లింలు బయటే ఉండిపోయారు. మన దగ్గర దళిత క్రైస్తవులను బీసీ-సీలో పెట్టి ఒక శాతం రిజర్వేషన్ ఇచ్చారు. దాంతో ఆదివారం చర్చి, సర్టిఫికెట్‌లో హిందూ అన్నది పల్లెల్లో మామూలైపోయింది. దీన్ని మోసమనేవాళ్ళున్నారు. మతం చెప్పుకుంటే హోదా పోయేలా చేసిన చట్టాన్ని మాత్రం ఎవరూ అలా అనరు.

1985 సంవత్సరం చూడండి. జులై 17న కారంచేడులో, తాగునీటి చెరువు దగ్గర మొదలైన గొడవ ముదిరి ఆరుగురు మాదిగలను చంపేశారు. అక్కడి మాదిగల్లో చాలామంది క్రైస్తవులే. అదే ఏడాది సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. మద్రాసు రోడ్డు పక్కన చెప్పులు కుట్టుకునే ఒకాయనకు, క్రైస్తవుడన్న కారణంతో, ప్రభుత్వం ఎస్సీ చెప్పులు కుట్టేవాళ్ళకిచ్చే ఉచిత బంకు ఇవ్వలేదు. కులం వల్ల కలిగే ఇబ్బందులు కొత్త మతంలోనూ అంతే తీవ్రంగా ఉన్నాయని రుజువు చూపలేదంటూ కోర్టు ఆయన పిటిషన్ కొట్టేసింది.

2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ మతం షరతు తీసేయమని సిఫారసు చేసింది. అది అమలు కాలేదు. 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, పదేళ్ళుగా పాస్టర్‌గా ఉన్న వ్యక్తికి ఎస్సీ, ఎస్టీలకు రక్షణగా ఉన్న అట్రాసిటీ చట్టం వర్తించదని చెప్పింది.

కోర్టులు అడుగుతున్న రుజువు దూరంగా ఏమీ లేదు, చర్చిల్లోనే ఉంది. మాలల సంఘం వేరు, మాదిగల సంఘం వేరు అన్న ఊళ్ళున్నాయి. పై కులాల నుంచి వచ్చిన క్రైస్తవులు పెళ్ళి సంబంధాలు ఇప్పటికీ కులం చూసే కలుపుకుంటారు. ఆస్పత్రులు, బడులు, హాస్టళ్ళు కట్టి చూపించిన సంఘాలు ఈ విషయంలో మాత్రం వెనకబడ్డాయి. ప్రభువులో భేదం లేదని ఆదివారం బోధించే సంఘ పెద్దలే, కమిషన్ ముందుకు వెళ్ళినప్పుడు మాలో కులం ఉందని సాక్ష్యం చెప్పాలి.