టైల్స్ కోసే చోట లేచే దుమ్ము

కొత్త అపార్ట్‌మెంట్‌లో టైల్స్ పని మొదలైతే మెట్ల మీద, కిటికీల మీద తెల్లగా దుమ్ము పేరుకుంటుంది. మేస్త్రీ ముక్కుకి తువ్వాలు చుట్టుకుని, మూల గదిలో కూర్చుని చేతి మెషిన్‌తో బండ కోస్తుంటాడు. పైఅంతస్తు నుంచి కూలీ పడి చనిపోతే పోలీసులు వస్తారు, పేపర్లో పడుతుంది. ఈ దుమ్ము తీసే ప్రాణం ఏ పదేళ్లకో, సొంతూళ్లో, ఆయాసంతో పోతుంది. అందుకే దాన్ని సైట్ ప్రమాదాల లెక్కలో ఎవరూ రాయరు.

గ్రానైట్, ఇసుక, కాంక్రీటు, విట్రిఫైడ్ టైల్ అన్నింటిలోనూ క్వార్ట్జ్, అంటే స్ఫటిక సిలికా ఉంటుంది. గ్రానైట్‌లోనైతే ఐదో వంతుకు తగ్గదు. బ్లేడు కింద అది నలిగి లేచే దుమ్ములో పెద్ద రేణువులను ముక్కు, గొంతు ఆపేస్తాయి. నాలుగైదు మైక్రాన్ల లోపువి మాత్రం ఊపిరితిత్తుల చివరిదాకా వెళ్తాయి. తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు కాబట్టి ఇవి కంటికి ఆనవు. గాలి కదలని గదిలో 2 మైక్రాన్ల రేణువు తల ఎత్తు నుంచి నేలకు దిగడానికి దాదాపు గంటన్నర పడుతుంది. మెషిన్ ఆపి, తువ్వాలు తీసి, అక్కడే అన్నం తింటున్నప్పుడు కూడా లోపలికి పోతూనే ఉంటుంది.

గాలి తిత్తుల్లో మాక్రోఫేజ్‌లనే కణాలు కాపలా కాస్తాయి. సూక్ష్మజీవి వస్తే మింగి అరిగించుకుంటాయి. సిలికాను మింగుతాయి గానీ అరిగించుకోలేక చచ్చిపోతాయి. అప్పుడు రేణువు మళ్లీ బయటపడుతుంది, ఇంకో కణం మింగుతుంది. ఇలా వాపు వచ్చిన చోటల్లా ఊపిరితిత్తి మచ్చకట్టి గట్టిపడుతుంది. ఇదే సిలికోసిస్. పని మానేసినా ఇది ముదరొచ్చు, నయం చేసే మందు లేదు. పైగా కాపలా దెబ్బతినడంతో టీబీ సులువుగా అంటుకుంటుంది. ఎక్స్‌రేలో మచ్చలు చూసి టీబీ ఒక్కటే అనుకోవడమూ జరుగుతుంది. డాక్టరు "ఏం పని చేస్తావు" అని అడగడం ఇక్కడ చాలా ముఖ్యం.

1930-31లో అమెరికాలోని వెస్ట్ వర్జీనియాలో హాక్స్ నెస్ట్ సొరంగాన్ని సిలికా రాతిలో పొడిగానే తొలిచి వందలమందిని ఈ జబ్బుకి బలిచ్చారు. ఇప్పుడు ఆ దేశంలో పనిచోట ఘనపు మీటరు గాలిలో ఈ సన్న సిలికా 8 గంటల సగటున 50 మైక్రోగ్రాములు మించకూడదు. పొడవు, వెడల్పు, ఎత్తు పదేసి అడుగులున్న గదికి లెక్కేస్తే అది సుమారు 1.4 మిల్లీగ్రాములు, ఇరవై పాతిక ఉప్పు రేణువుల బరువు! సిలికా 90 శాతం దాకా ఉండే కృత్రిమ రాతి పలకలనైతే ఆస్ట్రేలియా 2024 జులై నుంచి నిషేధించింది.

బ్లేడు మీద నీళ్లు పడుతుంటే ఈ పొడి చాలావరకు అక్కడే అణుగుతుంది. కాకపోతే మామూలు చేతి మెషిన్‌తో నీళ్లు కలిస్తే షాక్ కొట్టొచ్చు. తడి కోతకు తయారైన మెషిన్, లీకేజీ కరెంటుకి ట్రిప్ అయ్యే ఆర్‌సీసీబీ తప్పనిసరి. తువ్వాలు సన్న రేణువులను ఆపదు, ముఖానికి బిగుతుగా పట్టే ఎన్95 కావాలి. లక్షలు పోసి ఫ్లోరింగ్ వేయించే యజమాని ఈ ఖర్చుకి వెనకాడడం నాకు అన్యాయంగా కనిపిస్తుంది.

పరిహారం అడగాలంటే ఎక్కడెక్కడ, ఎన్నేళ్లు పనిచేశాడో చూపించాలి. తరచూ సైట్ మారే మేస్త్రీ దగ్గర ఆ కాగితాలు ఎక్కడుంటాయి? చేసిన పని వివరాలు కార్మికుడి గుర్తింపు కార్డులో యజమాని రాయాలని 2025లో కొత్త కార్మిక కోడ్‌లు వచ్చేదాకా అమల్లో ఉన్న 1996 నాటి భవన నిర్మాణ కార్మికుల చట్టమే చెప్పింది. సైట్ మారేటప్పుడల్లా ఆ వివరాలు రాయించే బాధ్యతను యూనియన్లు భుజానికెత్తుకోవాలి.