చెవి తెరవకముందే తెలియాల్సిన దారి

ఆదోని, ఆలూరు, పత్తికొండ వైపు నుంచి కర్నూలు పెద్దాసుపత్రికి చెవి చూపించుకోవడానికి వచ్చేవాళ్ళలో చిన్నప్పటి నుంచీ చీము కారుతున్నవాళ్ళు ఉంటారు. చుక్కల మందు వేస్తే తగ్గుతుంది, జలుబు చేయగానే మళ్ళీ మొదలు. చివరికి ఆపరేషన్ చేయాలంటారు, దానికి ముందు సీటీ స్కాన్ తీయించుకు రమ్మంటారు. ‘జబ్బేందో తెలిసిపాయ గదా సార్, మళ్ళా స్కాన్ ఎందుకు?’ అన్న మాట అక్కడే వస్తుంది. అడగాల్సిన మాటే. జబ్బేమిటో చాలాసార్లు మైక్రోస్కోపుతో చూస్తేనే తెలిసిపోతుంది. ఈ మనిషి చెవిలో ఆపరేషన్ ఎంత కష్టం కావచ్చు, ఆ కష్టం ఏ మూల ఎదురుకావచ్చు అన్నది మాత్రం స్కానే చెప్పాలి.

కర్ణభేరి వెనకాల ఉండే మధ్య చెవి చాలా ఇరుకైన చోటు. కూటకం, దాగలి, కర్ణాంతరాస్థి అని మూడు బుల్లి ఎముకలు అందులోనే ఉంటాయి. చివరిదాని ఎత్తు సుమారు 3 మిల్లీమీటర్లు. పైన పల్చటి ఎముక, దాని మీదే మెదడు పొర. కింద మెదడు నుంచి మెడలోకి రక్తం దిగే జుగులర్ సిర. వెనక, చెవి వెనకాల చేతికి తగిలే మాస్టాయిడ్ ఎముకను ఆనుకుని సిగ్మాయిడ్ సైనస్ అనే పెద్ద రక్తనాళం. వీటన్నిటి మధ్య నుంచి ముఖాన్ని కదిలించే ఫేషియల్ నరం సాగుతుంది. అది దెబ్బతింటే మూతి వంకరపోతుంది, కన్ను మూతపడదు.

ఇవి అందరిలోనూ ఒకే చోట ఉండవు, అసలు ఇబ్బందంతా అదే. 1921లో స్వీడన్‌లో నైలెన్ అనే చెవి డాక్టర్ ఆపరేషన్‌కు మైక్రోస్కోపు వాడినప్పటి నుంచి సర్జన్ చూపు బాగా పదునెక్కింది. కానీ మైక్రోస్కోపు ఎముక పైభాగాన్నే చూపిస్తుంది, లోపలేముందో చెప్పదు. దానికి చాలాకాలం మామూలు ఎక్స్‌రేలే దిక్కు. 1971లో హౌన్స్‌ఫీల్డ్ అనే ఇంజినీరు తయారుచేసిన యంత్రంతో మొదటి రోగికి సీటీ స్కాన్ తీశాక దారి మారింది. ఇప్పుడు చెవి ఎముకను మిల్లీమీటరు కంటే సన్నని పొరలుగా చూడగలుగుతున్నాం.

సర్జన్ ముందుగా చూసేది మాస్టాయిడ్‌నే. మామూలుగా అందులో గాలి గదులుంటాయి. చిన్నప్పటి నుంచి చీము పట్టిన చెవిలో అవి సరిగా పెరగవు, ఎముక గట్టిపడి కుంచించుకుపోతుంది. దాంతోపాటు మెదడు పొర కిందికి దిగి, సైనస్ ముందుకు జరిగి ఉంటే డ్రిల్ తిప్పడానికి చోటే మిగలదు. కొందరిలో కోర్నర్ పొర అనే ఎముక పలక అడ్డంగా ఉంటుంది. బావి తవ్వుతుంటే నడుమ రాతిపొర తగిలి అదే అడుగనుకున్నట్టు, దాన్ని చూసి లోపలి గదికి చేరామనుకునే ప్రమాదం ఉంది. స్కాన్‌లో ముందే కనబడితే ఆ పొరపాటు జరగదు.

కొలెస్టియాటోమా ఉన్నవాళ్ళలో స్కాన్ విలువ ఇంకా ఎక్కువ. ఇది క్యాన్సర్ కాదు. చర్మపు పొర లోపలికి చొచ్చుకుపోయి, పొలుసులు పేరుకుంటూ చుట్టూ ఎముకను తినేస్తుంది. దాగలి కాడ తరచూ ముందు పోతుంది. మనిషి తూలకుండా కాపాడే అర్ధవర్తుల కుల్య మీది ఎముక కూడా అరిగిపోవచ్చు. అప్పుడు చెవి ముందున్న బుడిపెను నొక్కితే కళ్ళు తిరగొచ్చు. అక్కడ ఎముక లేదని ముందే తెలిసిన సర్జన్ దాని మీది పొరను చివరిదాకా ముట్టుకోరు. తెలియక లాగితే వినికిడి మొత్తం పోవచ్చు.

అయితే స్కాన్‌ను గుడ్డిగా నమ్మకూడదు. కొలెస్టియాటోమా, చీము, వాచిన కండ సీటీలో ఒకే బూడిద రంగులో కనబడతాయి. వాటిని విడదీసి చూడాలంటే డిఫ్యూజన్ పద్ధతిలో తీసే ఎమ్మారై కావాలి. అందులోనూ 3 మిల్లీమీటర్ల కంటే చిన్నది దొరక్కపోవచ్చు. ఫేషియల్ నరం మీది ఎముక కొన్నిచోట్ల ఎంత పల్చగా ఉంటుందంటే, ఉందో లేదో సీటీ కచ్చితంగా చెప్పలేదు. రిపోర్టులో ‘నార్మల్’ అని ఉన్నా, నరం బయటపడి ఉందనుకునే చేయి కదపాలి. చీము లేని, పొడిగా ఉన్న చెవిలో కర్ణభేరికి పడిన చిన్న రంధ్రానికి పొర అతికించే ఆపరేషన్ అయితే అందరికీ స్కాన్ రాయడం అనవసరమనే నా అభిప్రాయం.

మన ప్రాంతంలో ఇంకో లెక్క కూడా ఉంది. కొలెస్టియాటోమా ఆపరేషన్‌ను చెవి నాళం వెనక గోడను ఉంచి చేస్తే చెవి సహజంగా ఉంటుంది, కానీ మిగిలిన జబ్బు దాని చాటున పెరగొచ్చు. అందుకే ఏడాది అటూ ఇటూగా మళ్ళీ తెరిచి చూడాలి, లేదా ఎమ్మారై తీయాలి. గోడ తీసేస్తే అంతా కళ్ళకు కనబడుతుంది, కానీ అప్పుడప్పుడూ శుభ్రం చేయించుకుంటూ నీళ్ళు పోకుండా చూసుకోవాలి. పనుల్లేని కాలంలో మిరపకాయలు కోయడానికి కుటుంబాలతో గుంటూరు వైపు వలసపోయే మనిషి ఏడాదికి తిరిగొస్తాడన్న నమ్మకం ఏముంది? మాస్టాయిడ్ చిన్నదని స్కాన్ చెబితే గోడ తీసినా మిగిలే గుంత చిన్నదే, దాన్ని చూసుకోవడం సులువు. స్కాన్‌నూ, ఆ మనిషి బతుకునూ పక్కపక్కన పెట్టి తీసుకోవాల్సిన నిర్ణయం ఇది. ఈ విషయం రోగికీ ఇంట్లోవాళ్ళకూ ఆపరేషన్‌కు ముందే విడమర్చి చెప్పాలి. వినికిడి తిరిగి వస్తుందా, రెండోసారి ఆపరేషన్ పడుతుందా అన్నదీ అప్పుడే మాట్లాడుకోవాలి.

స్కాన్ తీయించుకున్నాక రిపోర్టు కాగితంతో సరిపెట్టుకోకుండా సీడీ కూడా అడిగి తీసుకోండి. సర్జన్ ఒక్కో పొరనూ తన కంటితో కంప్యూటర్‌లో చూడాలి. గర్భంతో ఉంటే స్కాన్ గదిలోకి వెళ్ళకముందే చెప్పండి. చెవికి ఇదివరకే ఆపరేషన్ అయి ఉంటే పాత సీడీ, డిశ్చార్జి కాగితాలు తప్పకుండా వెంట తెచ్చుకోండి. ఒకసారి డ్రిల్ చేసిన చెవిలో సర్జన్‌కు దారి చూపే ఎముక గుర్తులు చాలావరకు పోయి ఉంటాయి, అవి ఎక్కడ ఉండేవో ఆ పాత స్కాన్‌లో దొరుకుతుంది.