మా చేను కింద గొట్టం ఉంది, మాకేంటి? పైప్‌లైన్ల మీద అపోహలు - వాస్తవాలు

పద్దెనిమిదేళ్లుగా విశాఖ చుట్టుపక్కల పెట్రోలియం పైప్‌లైన్ల మీద పని చేస్తున్నాను. భూమిలో ఉన్న గొట్టానికి తుప్పు పట్టకుండా చూడటం నా పని, అంటే రోజులో సగం మీటరు పట్టుకుని పొలం గట్ల మీద తిరగడమే. అందుకే ఆఫీసులో వాళ్లకన్నా రైతులతోనే ఎక్కువ మాట్లాడి ఉంటాను. నక్కపల్లి దగ్గర ఒక పెద్దాయన "బాబూ, మీ గొట్టం మా చేలో పడుకుంది గానీ, దానివల్ల మాకేటొచ్చింది?" అని అడిగాడు. ఆ రోజు నేను కంపెనీ మీటింగుల్లో చెప్పే మాటలే నాలుగు చెప్పి వచ్చేశాను. అది జవాబు కాదని నాకూ తెలుసు, ఆయనకీ తెలుసు. ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నాను.

అపోహ: పైప్‌లైన్ వస్తే ఊళ్లో కుర్రాళ్లకి ఉద్యోగాలొస్తాయి

రావు. ఈ మాట ఎవరు చెప్పినా నమ్మొద్దు, కంపెనీ వాళ్లు చెప్పినా, నాయకులు చెప్పినా. గొట్టం వేసే ఏడాది రెండేళ్లు మట్టి పని, కాపలా పని, ట్రాక్టర్లకి, జేసీబీలకి కిరాయి ఉంటుంది. వెల్డర్లు మాత్రం ఎక్కువగా బయట రాష్ట్రాల నుంచి గ్యాంగులుగా వస్తారు. కందకం పూడ్చి వాళ్లు వెళ్లిపోయాక మిగిలేది లైన్ మీద నడిచే లైన్ వాకర్లు, వాల్వ్ స్టేషన్ల దగ్గర సెక్యూరిటీ, పంపింగ్ స్టేషన్లలో షిఫ్టుకి కొద్దిమంది. తక్కువ మందితో నడవడమే పైప్‌లైన్ ప్రత్యేకత, అందుకే అది చవక.

మరి ఈ ప్రాంతానికి ఏం ఒరిగింది అంటే, గొట్టాన్ని విడిగా చూస్తే అర్థం కాదు, దాని మొదలు చూడాలి. విశాఖలోని మల్కాపురంలో చమురు శుద్ధి చేసే రిఫైనరీ 1957లో కాల్టెక్స్ పేరుతో మొదలైంది. తర్వాత అది హెచ్‌పీసీఎల్ (హిందుస్థాన్ పెట్రోలియం) చేతికొచ్చింది, ఏడాదికి 83 లక్షల టన్నుల నుంచి కోటిన్నర టన్నుల సామర్థ్యానికి పెరిగింది. అంత సరుకు విశాఖ ఒక్కటే తాగలేదు. విజయవాడ, హైదరాబాద్ లాంటి పెద్ద ఊళ్లకి చవగ్గా పంపే దారి ఉంటేనే ఇక్కడ అంత పెద్ద రిఫైనరీ నిలబడుతుంది. ఆ దారే విశాఖ - విజయవాడ - సికింద్రాబాద్ లైన్, 572 కిలోమీటర్లు. వంటగ్యాస్‌కి ఇక్కడి నుంచే సికింద్రాబాద్‌కి వేరే లైన్ ఉంది, అది గెయిల్ వాళ్లది. ఇండియన్ ఆయిల్ పారాదీప్ - హైదరాబాద్ లైన్, 1,212 కిలోమీటర్లది, అదీ మన ప్రాంతం మీదుగానే పోతుంది. ఓడరేవు దగ్గర కొండరాయి తొలిచి 60,000 టన్నుల వంటగ్యాస్ పట్టే గుహ కట్టారు, దేశానికి కష్టకాలంలో పనికొచ్చేలా 13.3 లక్షల టన్నుల ముడిచమురు దాచే వ్యూహాత్మక నిల్వ గుహలు కూడా విశాఖలోనే ఉన్నాయి. ఓడరేవుకి వచ్చే చార్జీలు, షిప్పింగ్ ఏజెంట్లు, ఫ్యాబ్రికేషన్ షెడ్లు, రిఫైనరీ ఆపి చేసే మరమ్మతులకి (షట్‌డౌన్ పనులకి) వచ్చే వేల మంది కాంట్రాక్టు కార్మికులు, వాళ్లకి గాజువాకలో గదులు అద్దెకిచ్చే ఇళ్లు, మెస్సులు, వీటన్నిటి బతుకూ ఆ గొట్టం ఆగకుండా పారడం మీదే ఉంది. నక్కపల్లి పెద్దాయన చేను గాజువాకలో అద్దెలు నిలబెడుతోంది, ఆయన ఊరికి మాత్రం అందులో నేరుగా వచ్చేది దాదాపు ఏమీ లేదు. ఇది న్యాయం కాదని నా అభిప్రాయం. కనీసం లైన్ వాకర్లు, సెక్యూరిటీ ఉద్యోగాలైనా లైన్ పోయే ఊళ్ల వాళ్లకే ఇవ్వాలని ప్రతి గ్రామసభ గట్టిగా అడగాలి.

నష్టపోయినవాళ్లూ ఉన్నారు. గంటకి 500 కిలోలీటర్లు పారే లైన్ రోజుకి 600 ట్యాంకర్ల సరుకు మోస్తుంది, ఒక్కో ట్యాంకరు 20 కిలోలీటర్లు అనుకుంటే. అన్ని బళ్లు హైవే మీద తగ్గితే ప్రమాదాలూ, పొగా, డీజిల్ ఖర్చూ తగ్గుతాయి. కానీ దూరపు ట్రిప్పుల మీద బతికిన డ్రైవర్, క్లీనర్, దారిలో ధాబా, టైర్ల పంక్చరు షాపు దెబ్బతిన్న మాట నిజం. ట్యాంకర్ పని పూర్తిగా పోదు, టెర్మినల్ నుంచి బంకులకి దగ్గర ట్రిప్పులుగా మారుతుంది. దగ్గర ట్రిప్పులో మిగిలేది తక్కువ.

అపోహ: రిఫైనరీ మన ఊళ్లోనే ఉంది కాబట్టి పెట్రోలు మనకి చాలా చవగ్గా రావాలి

రవాణా ఖర్చు తగ్గిన మేరకు కొద్దిగా తగ్గుతుంది, అంతే. లీటరు ధరలో రవాణా వాటా చిన్నది. కేంద్రం ఎక్సైజ్, రాష్ట్రం వ్యాట్, డీలర్ కమిషన్, వీటన్నిటికన్నా ముందు అంతర్జాతీయ ధర, అసలు లెక్క వీటిదే. పెట్రోలు, డీజిల్ జీఎస్టీలోకి రాలేదు కాబట్టి ఒక్కో రాష్ట్రంలో ఒక్కో రేటు.

దీని వెనక చాలామందికి తెలియని సంగతి ఇంకోటి ఉంది. వ్యాట్ సరుకు అమ్మిన చోట పడుతుంది, తయారైన చోట కాదు. విశాఖలో శుద్ధి చేసి గొట్టంలో హైదరాబాద్ పంపిన డీజిల్ మీద వ్యాట్ తెలంగాణకి వెళ్తుంది. 2014కి ముందు అదంతా ఒకే రాష్ట్రం ఖజానా, ఆ లెక్క ఎవరూ పట్టించుకోలేదు. ఇప్పుడు పొగ, ప్రమాద భయం, భూమి మీద ఆంక్షలు ఒకచోట, పన్ను ఇంకోచోట. తప్పు పైప్‌లైన్‌ది కాదు, పన్ను చట్టం అలా ఉంది.

అపోహ: ఒక గొట్టంలో ఒక్క సరుకే పోతుంది, ఇక్కడ తిప్పితే అక్కడ వెంటనే వస్తుంది

ఒకే గొట్టంలో పెట్రోలు, డీజిల్, కిరోసిన్ ఒకదాని వెనక ఒకటి పంపుతారు, మధ్యలో గోడలేమీ ఉండవు. రెండూ కలిసే చోటుని ఇంటర్‌ఫేస్ అంటాం. సాంద్రత మారడాన్ని బట్టి దాన్ని పసిగట్టి విడిగా ట్యాంకులోకి మళ్లిస్తారు. పెట్రోలు, డీజిల్ నేరుగా తగలకుండా మధ్యలో కిరోసిన్ పెట్టడం పాత పద్ధతి.

వేగం సంగతి చెబితే ఎవరూ నమ్మరు. 18 అంగుళాల గొట్టంలో గంటకి 500 కిలోలీటర్లు పంపితే లోపలి సరుకు గంటకి మూడు కిలోమీటర్ల పైచిలుకు కదులుతుంది, మనిషి నడక కన్నా తక్కువ. విశాఖలో ఇవాళ ఎక్కిన డీజిల్ విజయవాడ చేరేసరికి నాలుగు రోజులు దాటుతుంది. ఆ గొట్టం కిలోమీటరుకి దాదాపు 150 కిలోలీటర్లు మోస్తూ ఎప్పుడూ నిండే ఉంటుంది. పంపులు ఆపినా అందులో సరుకు ఉన్నట్టే. "లైన్ బంద్ చేశారు కదా, ఇప్పుడు తవ్వుకుందాం" అనుకునే కాంట్రాక్టర్లకి ఇది ముఖ్యంగా చెబుతున్నాను.

అపోహ: పైప్‌లైన్ పడితే భూమి పోయినట్టే

భూమి మీదే. 1962 నాటి పెట్రోలియం, ఖనిజ పైప్‌లైన్ల చట్టం కింద కంపెనీ తీసుకునేది భూమిని కాదు, దాని కింద గొట్టం వేసుకుని వాడుకునే హక్కుని. దాన్నే మేం ఆర్‌ఓయూ అంటాం, మామూలుగా 18 మీటర్ల వెడల్పు. పాసుపుస్తకం మీ పేరు మీదే ఉంటుంది, అమ్ముకోవచ్చు, వరి, చెరకు, నువ్వులు, కూరగాయలు వేసుకోవచ్చు. ఇల్లు కట్టడం, బావి తవ్వడం, చెరువు, చెట్లు నాటడం మాత్రం కుదరదు. జీడిమామిడి, సరుగుడు మీద బతికే మన జిల్లాల్లో ఈ చెట్ల నిషేధం చిన్న విషయం కాదు. వేళ్లు గొట్టం మీది పూతని చీలుస్తాయి కాబట్టి అది తప్పదు. ఆ నష్టానికి తగ్గట్టు పరిహారం రావడం లేదన్నది కూడా నిజమే.

నోటిఫికేషన్ వచ్చాక 21 రోజుల్లోపు కాంపిటెంట్ అథారిటీకి (ఈ పనికి ప్రభుత్వం నియమించిన అధికారికి) అభ్యంతరం రాసివ్వవచ్చు. పరిహారం రెండు రకాలు. పంటకి, చెట్లకి జరిగిన నష్టం ఒకటి, నోటిఫికేషన్ తేదీన ఉన్న భూమి విలువలో 10 శాతం రెండోది. రిపేరుకని పదేళ్ల తర్వాత మళ్లీ వచ్చి తవ్వితే ఆ పంటకి మళ్లీ పరిహారం ఇవ్వాలి, "అప్పుడే ఇచ్చేశాం" అంటే ఒప్పుకోకండి.

నన్ను ఎక్కువ బాధపెట్టేది కౌలు రైతు సంగతి. ఒక ఊళ్లో కోతకొచ్చిన చెరకు మీదుగా యంత్రాలు పోయాయి, పంచనామాలో పట్టాదారు పేరే రాశారు, ఆయన విశాఖలో ఉంటాడు, డబ్బు ఆయన ఖాతాలో పడింది. చెరకు వేసిన కౌలు రైతు కుటుంబం మాత్రం వడ్డీ కట్టుకుంటూ ఉండిపోయింది. చట్టం భూమితో సంబంధం ఉన్న ఏ వ్యక్తికైనా పరిహారం అంటుంది, పట్టాదారుకి మాత్రమే అనదు. పంచనామా రోజు కౌలు రైతు పొలంలో ఉండాలి, పేరు రాయించుకోవాలి, సంతకం చేసిన కాగితం ఫోటో తీసి పెట్టుకోవాలి.

ఇంకోటి, అనకాపల్లి వైపు కొత్త లేఅవుట్లలో ప్లాటు కొనేవాళ్లు కాస్త నడిచి చుట్టూ చూడండి. గొట్టం పోయే దారి చూపే పసుపు మార్కర్ రాళ్లు వరుసగా కనిపిస్తే ఆ వరుస మీద ఇల్లు రాదు, బ్రోచర్లో దాన్ని పార్కు అని చూపించినా సరే.

అపోహ: బాంబు మీద కూర్చున్నట్టే / అపోహ: భూమిలో ఉంది కదా, ఏమీ కాదు

రెండూ తప్పే. 1997 సెప్టెంబరు 14 ఉదయం మల్కాపురంలో వంటగ్యాస్ లీకై జరిగిన పేలుళ్లలో యాభై మందికి పైగా పోయారు. 2014 జూన్ 27 తెల్లవారుజామున కోనసీమలోని నగరం అనే ఊళ్లో గ్యాస్ పైప్‌లైన్ పేలి ఇరవై మందికి పైగా పోయారు. ఈ రెండు తేదీలు తెలియని మనిషి ఈ ఫీల్డులో పని చేయకూడదు. నగరం ఊరి దగ్గర గొట్టం లోపలి నుంచి తుప్పు తిన్నది, తేమ, కండెన్సేట్ (గ్యాస్‌లోంచి దిగే ద్రవం) కలిసిన గ్యాస్‌ని పొడి గ్యాస్ పోవాల్సిన లైన్లో పంపడం వల్ల. ఆ ప్రమాదాన్ని ముందే కనిపెట్టే పద్ధతులు అప్పటికే ఉన్నాయి.

గొట్టం మీద మూడు పొరల పాలిథిలిన్ పూత ఉంటుంది. పూత చిట్లిన చోట తుప్పు పట్టకుండా గొట్టానికి సన్నటి డీసీ కరెంటు ఇస్తాం, దాని ఫలితం మట్టితో పోలిస్తే మైనస్ 850 మిల్లీవోల్టులు దాటి ఉండాలి. నేను గట్ల మీద పెట్టెలు తెరిచి కొలిచేది అదే. హుద్‌హుద్ తుఫానుకి రోజుల తరబడి కరెంటు లేనప్పుడు ఆ డీసీ కరెంటు ఇచ్చే యూనిట్లు ఆగిపోయాయి, నాకు నిద్ర పట్టలేదు, కానీ తుప్పు నెమ్మది జబ్బు, కొన్ని రోజుల్లో గొట్టం తినేయదు. లోపల నుంచి చూడటానికి ఇంటెలిజెంట్ పిగ్ అనే పరికరం సరుకుతోపాటు పోతూ గోడ మందం కొలుస్తుంది. ఆ రిపోర్టులో లోపం కనిపించాక ఎన్ని రోజుల్లో తవ్వి బాగు చేశారన్నదే అసలు ప్రశ్న. గ్రామసభలో కంపెనీ వాళ్లని ఈ ఒక్క ప్రశ్న అడగండి: చివరిసారి పిగ్ ఎప్పుడు పంపారు, దొరికిన లోపాలన్నీ బాగు చేశారా?

అపోహ: లీకైతే వాసన వస్తుంది కదా

సిలిండర్ గ్యాస్‌కి వాసన కలుపుతారు. పెద్ద లైన్లలో పోయే సహజవాయువుకి చాలాచోట్ల వాసన ఉండదు. బుస్సుమనే శబ్దం, ఎండాకాలం కాకపోయినా ఒకచోట గడ్డి చచ్చిపోవడం, నీటి మడుగులో బుడగలు, కారణం లేకుండా లేచే దుమ్ము, ఇవి గమనించాలి. వంటగ్యాస్, పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు, పల్లాల్లో, కాలవల్లో చేరతాయి. కాబట్టి గాలికి ఎదురుగా, మెట్టవైపు నడిచి వెళ్లిపోండి. బండి స్టార్ట్ చేయొద్దు, స్విచ్ వేయొద్దు, బీడీ వెలిగించొద్దు, ఫోన్ దూరం వెళ్లాకే తీయండి.

అపోహ: ఆ రాళ్ల మీద నంబర్లు కంపెనీ వాళ్ల కోసం

మీ కోసమే. మార్కర్ మీద కిలోమీటరు నంబరు, ఎమర్జెన్సీ ఫోన్ నంబరు ఉంటాయి. ఒకసారి రాత్రి తొమ్మిదింటికి ఒక చేపల చెరువు ఓనరు మా లైన్ మీదే జేసీబీ దింపాడు. పక్క చేనులో నీళ్లు పెడుతున్న ఒకావిడ మార్కర్ మీద నంబరు చూసి "ఇక్కడ మీ గొట్టం మీద తవ్వుతున్నారు, తొందరగా రండి బాబూ" అని ఫోన్ చేసింది. మేం వెళ్లేసరికి బకెట్ పళ్లకీ గొట్టానికీ మధ్య జానెడు మట్టి మిగిలింది.